మందం చూసి కాదు, గాలిని చూసి జాకెట్ కొనండి



చలికాలం ట్రిప్ సర్క్యులర్ ఇంటికి చేరగానే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ మొదలవుతుంది. జాకెట్ ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు, ఏ కంపెనీ, ఎన్ని డిగ్రీల వరకు ఆపుతుంది అని. ఒకరు ఫోటో పెడతారు. దానికంటే లావుగా ఉన్నదాని ఫోటో ఇంకొకరు పెడతారు. రెండు రోజుల్లో మొత్తం క్లాసు అంతరిక్షానికి బయల్దేరుతున్నట్టు తయారవుతుంది. మనది ఏడాదిలో పది నెలలు ఫ్యాను కింద గడిచే ప్రాంతం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వాళ్లకో, లంబసింగి దగ్గర వాళ్లకో తప్ప మనలో ఎక్కువమందికి గట్టి చలి అంటే ఏమిటో తెలియదు. తెలియని చోట భయం ఉంటుంది, భయం ఉన్నచోట ఖర్చు పెరుగుతుంది. ఇది సహజమే.

కానీ నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మనాలికో, కేదార్‌కంఠ ట్రెక్‌కో వెళ్లే మీ అబ్బాయికి, అమ్మాయికి ఒక లావు జాకెట్ కంటే మూడు పల్చటి పొరలు మేలు. పైన వేసుకునే జాకెట్‌లో నింపింది ఈక కంటే సింథటిక్ అయితే మేలు. మీరు పెట్టే మొదటి రూపాయి జాకెట్ మీద కాకుండా లోదుస్తుల మీద, సాక్సుల మీద, చేతి తొడుగుల మీద పెడితే ఇంకా మేలు. ఎందుకో వివరంగా చెబుతాను. చదివాక మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. షాపులో నిలబడ్డప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు.

వేడి జాకెట్‌లో లేదు

జాకెట్ వేడినివ్వదు. వేడి పుట్టేది పిల్లవాడి ఒంట్లో, తిన్న తిండి నుంచి. జాకెట్ ఆ వేడిని బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. ఆ పని కూడా నిజానికి గుడ్డ చేయదు, గుడ్డలో చిక్కుకున్న గాలి చేస్తుంది. కదలకుండా నిలిచిన గాలి వేడిని చాలా నెమ్మదిగా పోనిస్తుంది. ఏడో తరగతి ఉష్ణం పాఠంలో ఉన్ని దుస్తుల గురించి మీ పిల్లలు చదివే ఉంటారు. పరీక్షలో రాసిన జవాబునే బట్టల షాపులో వాడుకోమంటున్నాను.

ఈ సంగతి మన ఇళ్లకు కొత్తదేమీ కాదు. పాత బొంతలో, పరుపులో దూది అణగారి గడ్డలు కడితే వెచ్చదనం పోయిందని పూర్వం దూదేకులవారిని పిలిపించేవారు. వాళ్లు కొత్త దూది వేసేవారు కాదు. ఉన్న దూదినే ఏకి పొంగించేవారు. బరువు మారదు, దూది మారదు, కానీ బొంత మళ్లీ వెచ్చగా ఉంటుంది. మారింది దాని లోపలి గాలే. చలి బట్టల శాస్త్రం మొత్తం ఈ ఒక్క ఉదాహరణలో ఉంది. ఇంగ్లీషులో దీన్ని లాఫ్ట్ అంటారు. మనం పొంగు అనుకోవచ్చు.

తెలంగాణ గొర్రెల కాపరుల భుజాన ఉండే గొంగడి కూడా ఇదే సూత్రం. దక్కనీ గొర్రె ఉన్ని గరుకుగా ఉంటుంది, ఒంటికి గుచ్చుకుంటుంది. కానీ దాని వంకర పోగుల మధ్య గాలి నిలుస్తుంది, వానలో తడిసినా ఆ వంకర పూర్తిగా అణగదు. అందుకే కాపరికి ఎండలో, వానలో, రాత్రి మంచులో అదొక్కటే గొడుగు, దుప్పటి, పరుపు.

కాబట్టి షాపులో జాకెట్‌ను చేత్తో తూచి చూడకండి. గట్టిగా పిడికిలి పట్టి వదలండి. వెంటనే పొంగి పాత ఆకారానికి వచ్చిందా, లేక నలిగినట్టే ఉండిపోయిందా? బరువైన జాకెట్‌లు చాలా వాటిలో బరువంతా పై గుడ్డది, జిప్పులది, అలంకారానిది. పొంగు తక్కువ. ఆ బరువు మోసేది మీ అబ్బాయే.

మూడు పొరలు ఎందుకంటే, పొరకూ పొరకూ మధ్య కూడా గాలి నిలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, పొరలు తీయవచ్చు, వేయవచ్చు. ఒక లావు జాకెట్‌లో ఉన్న పిల్లవాడికి రెండే దారులు: చెమటలో తడవడం, లేదా జాకెట్ మొత్తం విప్పి చలిలో నిలబడటం.

వేడిని దొంగిలించేవి మూడు

మొదటిది గాలి. జాకెట్ లోపలి గాలి నిలకడగా ఉన్నంతవరకే మనకు మేలు చేస్తుంది. బయటి గాలి లోపలికి దూరితే దాన్ని ఊడ్చుకుపోతుంది. థర్మామీటర్ సున్నా డిగ్రీలు చూపిస్తున్నా, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే బయటపడ్డ చర్మానికి అది సుమారు మైనస్ 6 డిగ్రీల చలిలా పనిచేస్తుంది. ఫ్లీస్ స్వెటర్ ఎంత మెత్తగా ఉన్నా అందులోంచి గాలి సులువుగా దూరుతుంది. కావాలంటే నోటికి ఆనించి ఊది చూడండి. అందుకే పైన పల్చటిదైనా సరే, గాలి దూరని గుడ్డ ఒకటి ఉండాలి.

రెండోది తడి. నీరు గాలికన్నా వేడిని ఇరవై రెట్లకు పైగా వేగంగా పోనిస్తుంది. పోగుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే బట్ట మనకు చుట్టమయ్యేది పోయి శత్రువవుతుంది. ఈ తడి మంచు నుంచే రానక్కర్లేదు. ఎక్కువసార్లు వచ్చేది లోపలి చెమట నుంచే.

మూడోది నేల. మంచు మీద కూర్చున్నా, టెంటులో పడుకున్నా ఒంటి కిందున్న బట్ట నలిగిపోతుంది. నలిగితే పొంగు లేదు, పొంగు లేకపోతే వెచ్చదనం లేదు. ఎంత ఖరీదైన జాకెట్ అయినా సరే, దాని మీద కూర్చుంటే అది మామూలు గుడ్డే.

వీటికి తోడు ఎత్తు ఉంది. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మనాలి సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది. 2020లో ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటితే లాహౌల్ లోయ, అక్కడ ఎత్తు 3,000 మీటర్లు దాటుతుంది. కారులో కూర్చున్న పిల్లలకు ఈ తేడా తెలియదు. ఊళ్లో 2 డిగ్రీలు ఉంటే అక్కడ మైనస్ 4 ఉండొచ్చని లెక్క చెబుతుంది. హోటల్ దగ్గర సరిపోయిన బట్ట అక్కడ సరిపోదు. ఇక కేదార్‌కంఠ శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు. తెల్లవారకముందే నడక మొదలుపెట్టి ఆ శిఖరం ఎక్కుతారు.

పిల్లల విషయంలో ఇంకో మాట. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల ఒంటి బరువుకు చర్మం విస్తీర్ణం ఎక్కువ. అందుకే వాళ్లు త్వరగా చల్లబడతారు. మీకు సరిపోయింది కాబట్టి వాడికీ సరిపోతుందని అనుకోకండి.

ఈకా? సింథటికా?

షాపులో అసలు తికమక ఇక్కడే. జాకెట్‌లో నింపేవి ప్రధానంగా రెండు. ఒకటి డౌన్, అంటే బాతు లేదా పెద్ద బాతు రొమ్ము దగ్గర, పై ఈకల కింద ఉండే మెత్తటి నూగు. రెండోది పాలిస్టర్ పోగుతో చేసిన సింథటిక్.

డౌన్ గొప్పతనాన్ని తక్కువ చేయను. అంత తక్కువ బరువులో అంత వెచ్చదనం ఇచ్చే వస్తువు ఇంకోటి లేదు. 1922 ఎవరెస్ట్ యాత్రకు జార్జ్ ఫించ్ అనే పర్వతారోహకుడు బెలూన్ గుడ్డలో ఈడర్ బాతు నూగు నింపి తనే ఒక కోటు చేయించుకున్నాడు. ట్వీడ్ కోట్లు, ఉన్ని స్వెటర్లు వేసుకున్న తోటివాళ్లకు అది నవ్వులాటగా కనిపించింది. కొండ మీద చలి పెరిగాక ఆ నవ్వు పోయింది. 1936లో అమెరికాలో ఎడ్డీ బావర్ గళ్లుగళ్లుగా కుట్టిన డౌన్ జాకెట్‌ను అమ్మకానికి తెచ్చాడు. ఈనాడు మనం చూసే గళ్ల జాకెట్లన్నీ దాని వారసులే. గళ్లు అందానికి కాదు, నూగు జారి అడుగుకు చేరకుండా ఉండటానికి.

మరి మన పిల్లలకు డౌన్ వద్దని ఎందుకంటున్నాను? మూడు కారణాలు.

ఒకటి, డౌన్ తడిస్తే ముద్దకట్టేస్తుంది, పొంగు పోతుంది, ఆరడానికి చాలా సేపు పడుతుంది. మంచు గడ్డలు విసురుకుని, మంచులో దొర్లి, జారుడుబల్ల ఆడే పదమూడేళ్ల పిల్లలు తడవకుండా ఉంటారని మీరు నమ్ముతారా? నేను నమ్మను. సింథటిక్ పోగు నీటిని పీల్చదు. తడిసినా కొంత పొంగు నిలుస్తుంది, పిండి వేసుకున్నా కొంత వెచ్చదనం ఇస్తుంది, త్వరగా ఆరుతుంది. ఈ గుణం కోసమే 1980లలో అమెరికా సైన్యానికి డౌన్ బదులుగా ప్రిమాలాఫ్ట్ అనే పోగును తయారుచేశారు. తడిలో తిరిగే సైనికుడికి ఏది అవసరమో మంచులో ఆడుకునే పిల్లలకూ అదే అవసరం.

రెండు, ఉతుకు. మంచులో దొర్లి వచ్చిన జాకెట్ ఇంటికి వచ్చాక వాషింగ్ మెషీన్‌లో పడాల్సిందే. సింథటిక్ దాన్ని ఓర్చుకుంటుంది. డౌన్‌కు సున్నితమైన సబ్బు, నెమ్మదిగా ఎక్కువసేపు ఆరబెట్టడం, మధ్యమధ్య తట్టి గడ్డలు విడదీయడం కావాలి. మామూలు డిటర్జెంట్ నూగులోని సహజమైన నూనెను తీసేస్తుంది. సరిగా ఆరకపోతే మన తేమ వాతావరణంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ, విజయవాడ ఇళ్లలో, వాసన పట్టడం ఖాయం.

మూడు, వాడకం. వారం రోజుల ట్రిప్ తర్వాత ఈ జాకెట్ అలమరాలోకి వెళుతుంది. రెండేళ్లలో పిల్లవాడు దాన్ని మించి పెరిగిపోతాడు. డౌన్‌కు పెట్టే అదనపు డబ్బుకు ఫలితం దక్కేది దాన్ని ఏళ్ల తరబడి వాడినప్పుడే. నిజమే, సింథటిక్ పొంగు కొన్నేళ్లకు తగ్గుతుంది, అదే వెచ్చదనానికి బరువు కూడా కాస్త ఎక్కువ. కానీ మన అవసరం అన్నేళ్లది కాదు కదా.

నాలుగో మాట కొన్ని ఇళ్లకే వర్తిస్తుంది. డౌన్ పక్షి నుంచి వచ్చేది. శాకాహార నియమం గట్టిగా పాటించే కుటుంబాలు లేబుల్ చదివి నిర్ణయించుకోవాలి.

ఇంత చెప్పినా డౌనే కొంటామంటే మీ ఇష్టం. కానీ లేబుల్ మీద ఫిల్ పవర్ 600, 700, 800 అని ఉన్న అంకె ఒక్కటే చూసి మోసపోకండి. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు పొంగితే ఎన్ని ఘనపు అంగుళాలు ఆక్రమిస్తుందో ఆ అంకె చెబుతుంది. అది నూగు నాణ్యత. ఎంత నూగు నింపారన్నది వేరే అంకె, దాన్ని ఫిల్ వెయిట్ అంటారు, గ్రాముల్లో ఉంటుంది. 800 ఫిల్ పవర్ నూగు 100 గ్రాములు ఉన్న జాకెట్ కంటే, 600 ఫిల్ పవర్ నూగు 200 గ్రాములు ఉన్నది ఎక్కువ వెచ్చగా ఉంటుంది. మంచి బియ్యం కొన్నంత మాత్రాన కడుపు నిండదు, ఎంత వండామన్నది కూడా చూడాలి. సింథటిక్‌లో అయితే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని ఉంటుంది. 60 అంటే పల్చన, 100 పైన అంటే గట్టి చలికి. ఆ అంకె చెప్పలేని షాపులో "మైనస్ 20 వరకు ఆగుతుంది సార్" అనే మాటకు విలువ లేదు. ఎవరికి ఆగుతుంది, నడుస్తున్నవాడికా, నిలబడ్డవాడికా? లోపల ఏం వేసుకున్నవాడికి? ఆ వివరాలేవీ లేని అంకె అది.

డబ్బు ముందు లోపల పెట్టండి

పిల్లవాడి సూట్‌కేసులో నన్ను ఎక్కువ భయపెట్టేవి కాటన్ బనియన్, జీన్స్ ప్యాంటు. మన వేసవికి కాటన్ దేవుడిచ్చిన వరం. చెమటను పీల్చుకుని, ఆరేటప్పుడు ఒంటిని చల్లబరుస్తుంది. మంచు కొండ మీద సరిగ్గా అదే గుణం ప్రమాదం. తడిసిన కాటన్ ఒంటికి అతుక్కుని గంటల తరబడి ఆరదు. పైన ఎంత మంచి జాకెట్ ఉన్నా, లోపల తడి బనియన్ ఉంటే ఆ ఖర్చంతా వృథా.

లోపలి పొరకు పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని థర్మల్స్ రెండు జతలు తీసుకోండి. మన ఊళ్లలో థర్మల్స్ పేరుతో అమ్మేవాటిలో కాటన్ కలిసినవి చాలా ఉంటాయి. లేబుల్ తిప్పి చదవండి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు, వాసన కూడా త్వరగా పట్టదు. ధర ఎక్కువ. పాలిస్టర్ చవక, త్వరగా ఆరుతుంది. వారం రోజుల ట్రిప్‌కు పాలిస్టర్ చాలు. మధ్య పొరకు ఫ్లీస్, లేదా ఇంట్లో ఉన్న మంచి ఉన్ని స్వెటర్. చలికాలంలో మన పట్టణాల్లో టిబెటన్లు పెట్టే అంగళ్లలో దొరికేది కూడా పనికొస్తుంది, అది ఉన్నా, అక్రిలిక్కా అని అడిగి తీసుకోండి. ఆ పైన సింథటిక్ జాకెట్, తడి మంచు పడుతుంటే దాని మీదికి వానకోటు. జీన్స్ బదులు ట్రాక్ ప్యాంటు, దాని కింద థర్మల్.

సైజు గురించి. వచ్చే ఏడాదికి కూడా వస్తుందని రెండు సైజులు పెద్దది కొనడం మన ఇళ్లలో ఆనవాయితీ. మెడ దగ్గర, నడుము దగ్గర వదులుగా ఉంటే వెచ్చటి గాలి ప్రతి కదలికకూ బయటికి పోతుంది. మరీ బిగుతుగా ఉంటే లోపలి స్వెటర్ నలిగి పొంగు పోతుంది. లోపలి రెండు పొరలు వేసుకుని వచ్చి షాపులో తొడిగించండి. చేతులు పైకెత్తమనండి. నడుము బయటపడితే ఆ జాకెట్ వద్దు.

కాళ్ల విషయంలోనూ ఇంతే. రెండు జతల సాక్సులు కుక్కి బూటు బిగుతైతే రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. వేళ్లు ఆడేంత చోటు ఉండాలి. ఒక మందపాటి ఉన్ని సాక్సు చాలు, మార్చుకోవడానికి పొడి జతలు ఎక్కువ పెట్టండి. చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే నాలుగు వేళ్లూ కలిసి ఉండే మిట్టెన్స్ వెచ్చన, ఎందుకంటే వేళ్లు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి. ఇక తలకు, మన మంకీ క్యాప్! పిల్లలు సిగ్గుపడతారు, ఫోటోల్లో బాగుండదంటారు. కానీ చెవులు, మెడ, గడ్డం ఒకేసారి కప్పే ఆ టోపీని తీసిపారేయాల్సిన పని లేదు. ఒప్పుకోకపోతే ఉన్ని టోపీ, మెడకు మఫ్లర్.

ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. పొరలన్నీ వేయించి అపార్ట్‌మెంట్ మెట్లు ఐదు అంతస్తులు ఎక్కించండి. తర్వాత లోపలి పొరను చేత్తో తాకి చూడండి. చెమట ఏ గుడ్డలో నిలిచిందో, ఏది ఎంతసేపట్లో ఆరిందో పిల్లలకే తెలుస్తుంది. ఏ పాఠం కన్నా ఇది బాగా గుర్తుంటుంది.

టెంటులో పడుకునే పిల్లలకు

ట్రెక్‌కు వెళ్లేవాళ్లకు స్లీపింగ్ బ్యాగ్ నిర్వాహకులే ఇస్తారు. అయినా మీరు ఒక ప్రశ్న అడగాలి: దాని కంఫర్ట్ రేటింగ్ ఎంత? ప్రమాణాల ప్రకారం పరీక్షించిన బ్యాగు మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలు ఉంటాయి. ఎక్స్‌ట్రీమ్ అనేది హాయిగా నిద్రపోయే ఉష్ణోగ్రత కాదు, ప్రాణం నిలుపుకునే హద్దు. పైగా ఈ అంకెలు పెద్దవాళ్ల శరీరాన్ని బట్టి కట్టినవి. అందుకే పిల్లలకు కంఫర్ట్ అంకె మాత్రమే చూడాలి, అది కూడా అక్కడి రాత్రి ఉష్ణోగ్రతకు కొన్ని డిగ్రీలు తక్కువగా ఉండాలి.

రెండో ప్రశ్న: కింద పరిచే మ్యాట్ ఏమిటి? ఒంటి బరువుకు బ్యాగు అడుగు నలిగిపోతుంది కాబట్టి నేల చలిని ఆపేది మ్యాటే. దాని సామర్థ్యాన్ని ఆర్ వాల్యూ అనే అంకె చెబుతుంది. మామూలు ఫోమ్ మ్యాట్‌ది 2 దగ్గర ఉంటుంది. మంచు మీద ఒకటి చాలదు, రెండు వేయించమని అడగండి. రాత్రికోసం ఒక జత బట్టలు పూర్తిగా పొడిగా, కవర్లో చుట్టి విడిగా పెట్టండి. దాన్ని పగలు వేసుకోకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి. పడుకునే ముందు కాస్త తినాలి. పల్లీ చిక్కి, నువ్వుల ఉండ మన పిల్లలకు అలవాటైన ఇంధనం. ఒంట్లో ఇంధనం లేకపోతే బ్యాగులో నిలుపుకోవడానికి వేడే ఉండదు.

బట్ట కన్నా బుద్ధి ముఖ్యం

2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు, పేద కుటుంబాల పిల్లలు. వాళ్లకు మంచి బట్టలు, సామగ్రి ఇచ్చారు, నిజమే. కానీ అంతకు ముందు భువనగిరి కొండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ ఇచ్చారు. చలిలో ఎలా మెలగాలో నేర్చుకున్నాకే పెద్ద కొండకు వెళ్లారు. మన పిల్లలు వెళ్లేది ఎవరెస్ట్‌కు కాదు. అయినా క్రమం అదే: ముందు నేర్పు, తర్వాత బట్ట.

నేర్పాల్సింది ఎక్కువేమీ లేదు. నడక మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. చెమట పట్టకముందే ఒక పొర తీయాలి. ఆగిన వెంటనే, చలి వేయకముందే, వేసుకోవాలి. సాక్సు తడిస్తే సిగ్గుపడకుండా సార్‌కో, మేడమ్‌కో చెప్పాలి. పక్కనున్న స్నేహితుడు వణుకుతూ, మాట తడబడుతూ, నడక తూలుతూ ఉంటే అది వేళాకోళానికి సమయం కాదు. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడటాన్ని హైపోథెర్మియా అంటారు. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందంటే పరిస్థితి బాగుపడినట్టు కాదు, ముదిరినట్టు. వెంటనే పెద్దవాళ్లను పిలవాలి. తడి బట్టలు మార్చి, గాలి తగలని చోటికి చేర్చి, ఒంటిని కప్పాలి. మనం మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "జాకెట్ విప్పకు నాన్నా, విప్పకు తల్లీ" అని చెబుతుంటాం. ఆ ప్రేమ మాటే వాళ్లను చెమటలో నానబెడుతుంది. "చెమట పట్టిందా, సాక్సులు మార్చావా" అని అడగండి.

డబ్బు, పోలిక, ఒక విన్నపం

మనం ఫీజులు కడుతున్నాం కాబట్టి అందరి చేతిలోనూ డబ్బు ధారాళంగా ఉందని అనుకోవద్దు. ట్రిప్ ఫీజు కట్టడానికే రెండు నెలలు ముందుగా లెక్క వేసుకున్న ఇళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటాయి. జాకెట్ కొనలేక "మా వాడికి జలుబు, పంపడం లేదు" అని చెప్పే తల్లి ఉంటే, ఆ పరిస్థితికి మన గ్రూపు ఫోటోలు కూడా కారణమే. ఫోటోలు పెట్టడం ఆపి, "మా అమ్మాయికి పొట్టయిన జాకెట్ ఉంది, ఎవరికైనా కావాలా" అని ఒక మెసేజ్ పెట్టండి. అన్నయ్య వేసుకున్నది తమ్ముడు వేసుకోవడం మన ఇళ్లలో తప్పు కాదు, క్లాసులో మాత్రం ఎందుకవ్వాలి? మనాలిలో మంచు చూడబోయేటప్పుడు దారి పక్కన అద్దెకిచ్చే సూట్లు, బూట్లు కూడా ఉంటాయి. ఒక్క రోజు ఆటకు పై పొరగా అవి చాలు. లోపలి పొరలు మాత్రం మనవే ఉండాలి.

యాజమాన్యానికి మూడు విన్నపాలు. ఒకటి, సర్క్యులర్‌లో "హెవీ జాకెట్ తప్పనిసరి" అనే వాక్యం తీసేసి, వెళ్లే చోటు ఎత్తు, రాత్రి ఎంత చలి ఉండొచ్చు, పిల్లలు ఎంతసేపు బయట ఉంటారు, మంచులో తడుస్తారా లేదా అన్న నాలుగు వివరాలు రాయండి. బట్ట ఎంచుకోవడానికి కావాల్సినవి అవే. రెండు, కంపెనీ పేరుతో కాకుండా పొరల పేరుతో జాబితా ఇవ్వండి. మూడు, ప్రతి బ్రాంచ్‌లో ఒక అలమరా కేటాయించండి. పిల్లలకు పొట్టయిన జాకెట్లు, థర్మల్స్, బూట్లు అందులో చేరితే, మరుసటి ఏడాది అవసరమైనవాళ్లు పేరు రాసి తీసుకుని, ఉతికి తిరిగి ఇస్తారు. లైబ్రరీ పుస్తకాలకు ఉన్న పద్ధతే దీనికీ సరిపోతుంది.

పెద్ద పిల్లల్ని అమెరికాకో, కెనడాకో చదువుకు పంపుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. షికాగో, టొరాంటో వంటి చోట్ల పొడి చలి నెలల తరబడి ఉంటుంది, ఏళ్ల తరబడి వాడకం ఉంటుంది. అక్కడ డౌన్ జాకెట్‌కు పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది. కానీ ఆ పెద్ద కోటు ఇక్కడ కొనకండి. విమానం దిగి కాలేజీ చేరేవరకు సరిపడా పొరలు ఇచ్చి పంపండి, మిగతాది అక్కడి వాతావరణం చూశాక, అక్కడున్న సీనియర్లను అడిగి కొనుక్కుంటారు.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న బట్టలన్నీ మంచం మీద పరచండి. పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని లేబుళ్లు వాళ్లతోనే చదివించండి. ఏది లోపలి పొర, ఏది మధ్యది, ఏది పైది అని వాళ్లనే విడదీయమనండి. లేనివి మాత్రమే కొనండి. ఆ జాబితా మీరు అనుకున్నదాని కంటే చిన్నదిగానే ఉంటుంది.